పరువు కోసం పడే పాట్లు: బ్రిటిష్ సిట్‌కామ్‌లు ఎందుకు నవ్విస్తాయి

ఒక హోటల్ యజమాని పెద్ద పళ్లెం మీది మూత ఎత్తుతాడు. కింద ఉండవలసింది వేయించిన బాతు. ఉన్నది మాత్రం క్రీము పొరలుగా పేర్చిన ట్రైఫిల్ అనే తీపి వంటకం. ఆయన మూత దించి, క్షణం ఆగి, మళ్లీ ఎత్తి చూస్తాడు. ట్రైఫిల్ అలాగే ఉంది. అప్పుడాయన రెండు చేతులూ అందులో పెట్టి, అతిథులు చూస్తుండగానే, అడుగున ఎక్కడైనా బాతు ఉందేమోనని కెలికి వెతుకుతాడు. ‘ఫాల్టీ టవర్స్’లో ‘గూర్మే నైట్’ అనే ఈ ఎపిసోడ్‌ను ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. క్రీములో మునిగిన చేతుల కన్నా, మూతను రెండోసారి ఎత్తే క్షణంలో ఆ ముఖంలో మిగిలి ఉన్న ఆశే నన్ను ఎక్కువగా నవ్విస్తుంది. ఇంత జరిగాక కూడా ఆ మనిషి తన పరువు ఇంకా దక్కుతుందనే నమ్ముతున్నాడు.

నాకు ఇష్టమైన బ్రిటిష్ సిట్‌కామ్‌లను, అంటే టీవీ హాస్య ధారావాహికలను, ఒక్కొక్కటిగా తలచుకుంటే, వాటన్నిటిలో నవ్వుకు ముడిసరుకు ఈ పరువేనని అనిపిస్తుంది. ప్రతి కథలోనూ ఒక మనిషి తనను తాను ఉన్నదాని కన్నా ఒక మెట్టు పైన ఊహించుకుంటాడు, ఆ ఊహను లోకం ఒప్పుకోదు, ఆ మనిషి మాత్రం వెనక్కి తగ్గడు. మాటల చమత్కారం, కింద పడటాలు, తలుపుల చాటు గందరగోళం అన్నీ ఆ మెట్టు మీద నిలబడటానికి పడే పాట్లలో నుంచి పుట్టుకొస్తాయి. అందుకే వాటిలోని డైలాగులను విడిగా చెబితే పెద్దగా నవ్వు రాదు. చెప్పేది ఎవరో, ఎవరి ముందు చెబుతున్నారో తెలిసినప్పుడే అవి పేలుతాయి.

‘ఫాల్టీ టవర్స్’ బీబీసీ 2 ఛానెల్‌లో 1975లో ఆరు ఎపిసోడ్లుగా, మళ్లీ 1979లో మరో ఆరుగా వచ్చింది. మొత్తం 12 మాత్రమే. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000 సంవత్సరంలో ప్రకటించిన వంద ఉత్తమ బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమాల జాబితాలో మొదటి స్థానం దీనికే దక్కింది. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. ఇద్దరూ నటించారు కూడా. అప్పటికి వాళ్లు భార్యాభర్తలు. 1978లో విడిపోయినా రెండో సిరీస్‌ను కలిసే అందించారు. ఇంగ్లండ్ నైరుతి తీరంలోని టార్కీ పట్టణంలో 1970లో క్లీజ్ సభ్యుడిగా ఉన్న మాంటీ పైథాన్ హాస్య బృందం బస చేసిన ఒక హోటల్లో, అతిథులంటేనే చిరాకు పడే యజమాని తారసపడటం ఈ కథకు బీజం. మిగిలినవాళ్లు వేరే హోటల్‌కు వెళ్లిపోతే క్లీజ్ మాత్రం అక్కడే ఉండి ఆ మనిషిని గమనించాడు.

ఆ గమనింపు ఫలితం బేసిల్ ఫాల్టీ. హోటల్ నడుపుతూ అతిథులను అసహ్యించుకునే మనిషి అనేంతవరకు అది ఒక సాధారణ హాస్య పాత్రే. కానీ బేసిల్ అసహ్యించుకునేది మామూలు అతిథులను. ప్రభువులు, కల్నల్‌లు, డాక్టర్లు వస్తే సాష్టాంగపడతాడు. ‘గూర్మే నైట్’ ప్రకటనలోనే, అలగా జనం రానక్కరలేదని అచ్చు వేయిస్తాడు. తీరా వచ్చింది నలుగురు. ఆ సాయంత్రమే కొత్త వంటవాడు తాగి పడిపోతాడు. ఊళ్లో స్నేహితుడి రెస్టారెంటు నుంచి బాతును తెప్పించుకోవాలి. తెచ్చిన మొదటి బాతు నేలపాలై, వెయిటర్ మాన్యుయెల్ కాలి కింద నలుగుతుంది. రెండోదాని కోసం వెళ్లి వస్తుంటే కారు ఆగిపోతుంది. బేసిల్ ఆ కారుకు చివరి హెచ్చరిక ఇచ్చి, మూడు లెక్కపెట్టి, పరుగున వెళ్లి ఒక చెట్టుకొమ్మ తెచ్చి దాన్ని చితకబాదుతాడు. కెమెరా దూరంగా కదలకుండా ఉంటుంది. కొమ్మ కోసం ఆయన తెర మీద నుంచి వెళ్లిపోయినప్పుడు ఖాళీ రోడ్డూ కారూ మాత్రమే కనిపిస్తాయి. ఆ ఖాళీలోనే ప్రేక్షకుడికి నవ్వు మొదలవుతుంది, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు బుద్ధిగా రాడని మనకు ముందే తెలుసు.

ఈ సిరీస్ నిర్మాణం గడియారం లోపలి పళ్లచక్రాల్లా ఉంటుంది. మొదటి పది నిమిషాల్లో అల్పంగా కనిపించిన ప్రతి విషయమూ చివరి పది నిమిషాల్లో బేసిల్ మీదికి తిరిగి వస్తుంది. ‘ది హోటల్ ఇన్‌స్పెక్టర్స్’ ఎపిసోడ్‌లో, హోటళ్లను తనిఖీ చేసేవాళ్లు ఊళ్లో తిరుగుతున్నారని విన్న బేసిల్, నోరు పెద్దదైన ఒక అతిథిని తనిఖీదారు అనుకుని చేతులు కట్టుకుని సేవ చేస్తాడు. అతను చెంచాలు అమ్ముకునే మనిషి అని తేలగానే అంతకు అంతా కక్ష తీర్చుకుంటాడు. అదే సమయానికి అసలు తనిఖీదారులు వచ్చి నిలబడతారు. బేసిల్ చేసిన తప్పు పొరబడటం కాదు. మనిషిని బట్టి మర్యాద మార్చడం. అతనికి పడే శిక్ష అంత సరిగ్గా అతుకుతుంది కాబట్టే మనం జాలిపడకుండా నవ్వగలుగుతాం. ఈ ఇంట్లో కళ్లు తెరుచుకుని ఉన్నది భార్య సిబిల్ ఒక్కతే. ఆ పాత్రలో ప్రునెల్లా స్కేల్స్ గొంతు పెంచకుండా ‘బేసిల్’ అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు, అంతవరకు ఆకాశంలో ఉన్న మనిషి నేలకు దిగుతాడు.

మాన్యుయెల్ విషయంలో నాకు కొంత ఇబ్బంది ఉంది. బార్సిలోనా నుంచి వచ్చిన, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన వెయిటర్‌ను తలమీద కొట్టడం ఈనాడు చూస్తే అన్నిచోట్లా నవ్వు రాదు. ఆండ్రూ సాక్స్ నటనలోని అమాయకమైన విధేయతే ఆ పాత్రను నిలబెట్టింది. అలాగే ‘ది జర్మన్స్’ ఎపిసోడ్‌లో వృద్ధుడైన మేజర్ నోట వచ్చే జాతిదూషణ మాటల కారణంగా 2020లో ఒక ప్రసార సంస్థ దాన్ని కొద్దిరోజులు తొలగించి, తర్వాత ముందస్తు హెచ్చరికతో తిరిగి పెట్టింది. ఆ ఎపిసోడ్ ఎగతాళి చేసేది బేసిల్‌నీ మేజర్‌నీ కానీ జర్మన్ అతిథులను కాదన్నది నా అభిప్రాయం. ఆ అతిథులే ఆ గదిలో అందరికన్నా మర్యాదస్తులు.

బేసిల్‌ది తనకు లేని హోదా కోసం తపన అయితే, ‘డాడ్స్ ఆర్మీ’లో కెప్టెన్ మానరింగ్‌ది తనకు అందిన హోదాను నిలుపుకోవాలనే తపన. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ రాసిన ఈ సిరీస్ 1968 నుంచి 1977 దాకా 80 ఎపిసోడ్లు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దండెత్తితే అడ్డుకోవడానికి, సైన్యంలో చేరే వయసు దాటినవారితోనూ ఇంకా చేరనివారితోనూ ఏర్పాటు చేసిన హోమ్ గార్డ్ దళం కథ ఇది. పెర్రీ స్వయంగా కుర్రతనంలో ఆ దళంలో పనిచేశాడు. వాల్మింగ్టన్ ఆన్ సీ అనే కల్పిత తీరపట్టణంలో బ్యాంకు మేనేజరైన మానరింగ్ తనను తానే కెప్టెన్‌గా నియమించుకుంటాడు. ఆయన కింద సార్జెంట్‌గా ఉన్నది బ్యాంకులోనూ ఆయన కింద పనిచేసే విల్సన్.

బ్రిటన్‌లో వర్గభేదం ఎంత సూక్ష్మమో ఈ ఇద్దరిని చూస్తే అర్థమవుతుంది. మానరింగ్ కింది నుంచి కష్టపడి పైకి వచ్చినవాడు. విల్సన్ ఖరీదైన ప్రైవేటు బడిలో చదివిన పెద్దింటి మనిషి, ఏ కష్టమూ పడకుండానే అందరి మన్ననా పొందుతాడు. అధికారం ఒకరిది, దర్జా మరొకరిది. విల్సన్ ఎప్పుడూ ఎదురు చెప్పడు. ఆదేశం వినగానే “అది తెలివైన పనే అంటారా, సార్?” అని మృదువుగా అడుగుతాడు, అంతే. విల్సన్‌గా జాన్ లె మెజరర్ ఆ ప్రశ్న అడిగే తీరుకు, మానరింగ్‌గా నటించిన ఆర్థర్ లో ముఖం కందగడ్డలా మారడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఈ సిరీస్‌లో బాగా పేరు పడిన డైలాగు 1973 నాటి ‘ది డెడ్లీ అటాచ్‌మెంట్’లో ఉంది. పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి కెప్టెన్, యుద్ధం ముగిశాక లెక్క తేల్చుకోవడానికి తనను అవమానించినవాళ్ల పేర్లు చిట్టాలో రాసుకుంటూ, హిట్లర్ మీద వెక్కిరింపు పాట పాడిన కుర్రవాణ్ని పేరు అడుగుతాడు. మానరింగ్ వెంటనే “వాడికి చెప్పకు, పైక్!” అంటాడు. వాక్యంగా చూస్తే అందులో చమత్కారమేమీ లేదు. కానీ తన దళాన్ని కాపాడే నాయకుణ్నని చూపించుకోవాలనే తొందరే ఆ కుర్రవాడి పేరును శత్రువు చేతిలో పెట్టింది. ఐదేళ్ల పాటు కట్టుకుంటూ వచ్చిన మానరింగ్ స్వభావమంతా ఆ మూడు మాటల్లో ఉంది.

‘యెస్ మినిస్టర్’ దగ్గర మాత్రం నేను నవ్వుతూనే కాస్త భయపడతాను. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాసిన ఈ సిరీస్ 1980 నుంచి 1984 వరకు, దాని కొనసాగింపు ‘యెస్, ప్రైమ్ మినిస్టర్’ 1986 నుంచి 1988 వరకు వచ్చాయి. మంత్రి జిమ్ హ్యాకర్‌గా పాల్ ఎడింగ్టన్, శాఖ శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ ఆపిల్‌బీగా నైజెల్ హాథోర్న్, ఇద్దరి మధ్య నలిగే ప్రైవేటు కార్యదర్శి బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్ నటించారు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కు ఇది ఎంతో ఇష్టమైన కార్యక్రమం. 1984లో ఆమె స్వయంగా ఈ పాత్రలతో ఒక చిన్న నాటిక కూడా ఆడింది.

సర్ హంఫ్రీ పొడుగాటి వాక్యాల గురించి అందరూ చెబుతారు. ఊపిరి తిప్పుకోకుండా హాథోర్న్ వాటిని పలికే తీరు అపూర్వమే. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచేది 1986 నాటి ‘ది మినిస్టీరియల్ బ్రాడ్‌కాస్ట్’లో రెండు నిమిషాల సంభాషణ. నిర్బంధ సైనిక శిక్షణను జనం కోరుకుంటున్నారని ఒక అభిప్రాయ సేకరణలో తేలిందని బెర్నార్డ్ చెబుతాడు. అయితే వద్దన్నారని తేల్చే మరొకటి చేయించమంటాడు హంఫ్రీ. అదెలా సాధ్యమని బెర్నార్డ్ అడిగితే, ప్రశ్నలతోనే జవాబిస్తాడు. యువతకు ఉద్యోగాలు లేకపోవడం మీకు ఆందోళన కలిగిస్తోందా? కుర్రవాళ్లలో నేరాలు పెరగడం? బడుల్లో క్రమశిక్షణ లేదని అనుకుంటున్నారా? యువతకు ఒక దారి చూపేవాళ్లు ఉంటే మంచిదేనా? బెర్నార్డ్ అన్నిటికీ అవునంటాడు; చివరికి సైనిక శిక్షణకూ అవుననక తప్పదు. వెంటనే రెండో వరుస. యుద్ధభయం ఉందా? ఆయుధాలు పెరిగిపోతున్నాయని దిగులుగా ఉందా? కుర్రవాళ్ల చేతికి తుపాకులిచ్చి చంపడం నేర్పడం ప్రమాదమేనా? ఇష్టం లేనివాళ్ల చేత బలవంతంగా ఆయుధం పట్టించడం తప్పేనా? మళ్లీ అన్నిటికీ అవును. చివరికి సైనిక శిక్షణను వ్యతిరేకించడానికీ అవును. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఒక పద్ధతి ఎలా పనిచేస్తుందో ఉన్నదున్నట్టు చూపించారు, అంతే. బెర్నార్డ్ ముఖంలో తాను మోసపోయానన్న గ్రహింపు రావడంతో పాటు మన ముఖంలోనూ అది వస్తుంది, ఎందుకంటే ప్రతి ప్రశ్నకూ మనమూ లోలోపల అవునన్నాం.

మరో ఎపిసోడ్‌లో 500 మందికి పైగా సిబ్బంది ఉండి, ఒక్క రోగి కూడా లేని ఆసుపత్రి వస్తుంది. పరిశుభ్రతలో దానికి బహుమతి వచ్చిందని చెప్పుకుంటారు. హ్యాకర్‌కు సంస్కర్తగా పేరు తెచ్చుకోవాలని ఉంటుంది, హంఫ్రీకి ఏదీ కదలకూడదని ఉంటుంది. హ్యాకర్‌ను ఆపడానికి హంఫ్రీ వాడే మంత్రం ఒకటుంది: మీ నిర్ణయం చాలా ‘ధైర్యమైనది’ అంటాడు. అంటే ఎన్నికల్లో ఓడిపోతారని అర్థం. ఇక్కడ కూడా పరువే ఆయుధం. మంత్రిని వాదనతో ఓడించరు, ఆయన మొహానికి మచ్చ పడుతుందని గుర్తు చేస్తారు. పార్టీల పేర్లు ఎక్కడా రాకుండా జాగ్రత్త పడటం వల్ల ఈ సిరీస్‌కు ఇప్పటికీ పాతదనం అంటలేదు.

2001లో మొదలైన ‘ది ఆఫీస్’ ఈ సంప్రదాయాన్ని వేరే చోటికి తీసుకెళ్లింది. రికీ జర్వేస్, స్టీఫెన్ మర్చంట్ దీన్ని 12 ఎపిసోడ్లు, రెండు భాగాల క్రిస్మస్ ముగింపుతో 2003లో ఆపేశారు. స్లౌ పట్టణంలో కాగితం అమ్మే కంపెనీ శాఖలో డాక్యుమెంటరీ తీస్తున్నట్టుగా చిత్రీకరించారు. ప్రేక్షకుల నవ్వుల శబ్దం లేదు. మేనేజర్ డేవిడ్ బ్రెంట్ తనను మంచి స్నేహితుడిగా, హాస్యగాడిగా, తత్త్వవేత్తగా భావించుకుంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే కొత్తగా చేరిన కుర్రవాడి ముందు గొప్ప కోసం, రిసెప్షనిస్టు డాన్‌ను స్టేషనరీ దొంగతనం నెపంతో ఉద్యోగం నుంచి తీసేస్తున్నట్టు నటిస్తాడు. ఆమె నిజంగానే ఏడుస్తుంది. ఇదంతా ఆట అని చెప్పిన తర్వాత గదిలో నెలకొనే నిశ్శబ్దాన్ని కెమెరా వదలదు. స్టూడియోలో ప్రేక్షకులు ఉండి ఉంటే ఎవరో ఒకరు నవ్వి ఆ నిశ్శబ్దాన్ని తేలిక చేసేవారు. ఇక్కడ ఆ సాయం లేదు. మనం బ్రెంట్ పక్కనే కూర్చోవలసి వస్తుంది. రెండో సిరీస్ చివర ఉద్యోగం పోతున్నప్పుడు, అంతవరకు మాటల మీద మాటలు పేర్చిన అదే మనిషి, తీసేయవద్దని బతిమాలుకుంటాడు. ఆ గొంతులో నటన లేదు. అన్ని ఎపిసోడ్ల కోపమూ మనలో కరిగిపోతుంది. ఈ సిరీస్‌ను వరసగా చూడటం కష్టం. రోజుకు రెండు ఎపిసోడ్లు మించకుండా చూడమని చెబుతాను.

‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ వీటన్నిటికన్నా ఆప్యాయమైనది. దక్షిణ లండన్‌లోని పెకమ్‌లో దొంగ సరుకూ నాసిరకం సరుకూ అమ్ముకుంటూ వచ్చే ఏడాదికి లక్షాధికారులమవుతామని తమ్ముడు రాడ్నీకి చెప్పే డెల్ బాయ్ కథ ఇది. జాన్ సలివన్ 1981 నుంచి 2003 దాకా రాశాడు. 1996 క్రిస్మస్ ఎపిసోడ్లలో చివరిదాన్ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. ఇందులో నాకు ఎక్కువ ఇష్టం 1982 నాటి షాండ్లియర్ సన్నివేశం. పాత బంగళాలో వేలాడే ఖరీదైన దీపగుచ్ఛాలను శుభ్రం చేయగల నిపుణులమని డెల్ కోతలు కోసి పని ఒప్పుకుంటాడు. డెల్, రాడ్నీ నిచ్చెనలెక్కి ఒక షాండ్లియర్ కింద దుప్పటి పట్టుకుని సిద్ధంగా ఉంటారు. పైఅంతస్తులో తాతయ్య మర విప్పుతుంటాడు. ఊడిపడేది వాళ్ల వెనుక ఉన్న రెండో షాండ్లియర్. సన్నివేశం అంతా కలిపి కొన్ని నిమిషాలే; దానికోసం రచయిత అరగంట ఓపికగా నేల దున్నాడు. ఇలాంటి సంఘటన నిజంగానే జరిగిందని సలివన్‌కు చెప్పింది ప్లంబర్‌గా పనిచేసిన తండ్రి. 1989లో బారు దగ్గర డెల్ ఒరిగిపడే సన్నివేశం ఇంకా ప్రసిద్ధం. డబ్బున్నవాడిలా కనిపించాలని ధీమాగా పక్కకు వాలతాడు, బారు పలక అప్పటికే పైకెత్తి ఉంది. డెల్‌గా నటించిన డేవిడ్ జేసన్ చేతులు చాపడు, మోకాళ్లు వంచడు, నరికిన చెట్టులా నిటారుగా పోతాడు. ఒంట్లో ఏ భాగమూ ముందుగా పసిగట్టకపోవడంలోనే ఆ పతనం గొప్పతనం ఉంది.

‘కీపింగ్ అప్ అపియరెన్సెస్’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పేరులోనే కథ ఉంది. బకెట్ అనే ఇంటిపేరును ‘బుకే’ అని పలకాలని పట్టుబట్టే హయసింత్‌గా పట్రీషియా రౌట్‌లెడ్జ్ అద్భుతం. అయితే ప్రతి ఎపిసోడూ ఒకే దారిన నడవడం వల్ల నాలుగైదు చూశాక ఆసక్తి తగ్గుతుంది. 1977లో మొదలైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ను కూడా మనలో చాలామంది ఇష్టపడతారు. వివిధ దేశాలవాళ్లు లండన్‌లో ఇంగ్లిష్ నేర్చుకునే తరగతి అన్న ఆలోచన మంచిదే. కానీ అందులో జపాన్ మనిషి జపాన్ మనిషిలా, సిక్కు సిక్కులా ప్రవర్తించడమే హాస్యం. ఎవరికీ తమదైన ఆశ లేదు, కాబట్టి పోగొట్టుకోవడానికి పరువూ లేదు. రెండోసారి చూసినప్పుడు నాకు అది నిలవకపోవడానికి కారణం ఇదే.

ఈ సిరీస్‌లలో చాలావాటికి సీజన్‌కు ఆరు లేదా ఏడు ఎపిసోడ్లే ఉండటం వెనుక ఒక పని పద్ధతి ఉంది. పెద్ద రచయితల బృందానికి బదులు ఒకరో ఇద్దరో మొత్తం రాస్తారు. అందువల్ల సంఖ్య తక్కువ, గొంతు ఒక్కటే. పాత సిరీస్‌లను స్టూడియోలో ప్రేక్షకుల ఎదుటే నటించి రికార్డు చేసేవారు. నటులు నవ్వు వచ్చేదాకా ఆగడం, నవ్వు తగ్గేముందు తర్వాతి మాట అందుకోవడం ఆ ఎపిసోడ్లలో రంగస్థల నాటకంలోలాగే వినిపిస్తుంది. సంఖ్య తక్కువైతే ముగింపు మీద కూడా రచయితకు అధికారం ఉంటుంది. ‘బ్లాక్‌యాడర్’ దీనికి గొప్ప నిదర్శనం.

ఒకే వంశపు మనిషి నాలుగు కాలాల్లో బతికే ఈ కథ 1983 నుంచి 1989 దాకా నాలుగు సిరీస్‌లుగా వచ్చింది. మొదటిది తేలిపోయింది, బెన్ ఎల్టన్ రచనలో రిచర్డ్ కర్టిస్‌తో చేరిన రెండో సిరీస్ నుంచి చూడటం మేలు. రోవన్ అట్కిన్సన్‌ను మిస్టర్ బీన్‌గా మాత్రమే ఎరిగినవారు, ఒక్కో అక్షరాన్ని చాకులా నూరి విసిరే ఈ బ్లాక్‌యాడర్‌ను తప్పక చూడాలి. నాలుగో సిరీస్ మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో జరుగుతుంది. చివరి ఎపిసోడ్‌లో దాడికి ముందు తప్పించుకోవడానికి బ్లాక్‌యాడర్ తలమీద లోదుస్తు, ముక్కు రంధ్రాల్లో పెన్సిళ్లు పెట్టుకుని పిచ్చివాడిగా నటిస్తాడు. అది పారదు. ఎప్పుడో ప్రాణం కాపాడినందుకు బదులు తీర్చమని సేనాధిపతి హేగ్‌కు ఫోన్ చేస్తే, ఆయన ఇచ్చే సలహా తలమీద లోదుస్తు, ముక్కులో పెన్సిళ్లు పెట్టుకోమనే. అంతవరకు నవ్వించిన జోకే చివరి తలుపును మూసేస్తుంది. 1989 నవంబరు 2న ప్రసారమైన ఆ ఎపిసోడ్ చివరి నిమిషంలో అందరూ కందకం దాటి పైకి వెళతారు, దృశ్యం నెమ్మదిస్తుంది, పొగ, తుపాకుల శబ్దం, ఆ తర్వాత, ఆ యుద్ధంలో పోయినవారికి గుర్తుగా నిలిచిన ఎర్రటి గసగసాల పూల పొలం. ఎవరూ ఏమీ మాట్లాడరు.

కొత్తగా చూసేవారికి నా సలహా ‘ఫాల్టీ టవర్స్’లో ‘గూర్మే నైట్’తో మొదలుపెట్టమని. ‘యెస్ మినిస్టర్’ను మాత్రం కింద అక్షరాలు పెట్టుకుని, వేరే పని ఏదీ లేనప్పుడు చూడాలి, ఒక ఉపవాక్యం జారిపోతే వాక్యమంతా పోతుంది. ‘డాడ్స్ ఆర్మీ’లో నిదానం ఎక్కువ, స్త్రీ పాత్రలకు చోటు తక్కువ. కొన్ని ఎపిసోడ్లు వదిలేసినా నష్టం లేదు.

అయితే దాని ఆఖరి ఎపిసోడ్, 1977 నవంబరులో వచ్చిన ‘నెవర్ టూ ఓల్డ్’ను వదలకూడదు. ముసలి కార్పొరల్ జోన్స్ పెళ్లి రోజు అది. దండయాత్ర వస్తుందన్న హెచ్చరికతో పెళ్లివిందు వదిలి వాళ్లు కాపలాకు రావలసి వస్తుంది. అసలైన సైనికుల ముందు మీరెందుకు పనికొస్తారని, వైమానిక దాడుల వేళ ఊరి భద్రత చూసే వార్డెన్ ఎగతాళి చేసి వెళ్లిపోతాడు. అన్నేళ్లుగా వాళ్ల వెనుక ఊరంతా అనుకున్న మాటే అది. కుర్రవాడు పైక్, ఆయన అన్నది నిజం కాదు కదా అని మానరింగ్‌ను అడుగుతాడు. ప్రతి ఎపిసోడ్‌లోనూ తన గొప్ప తాను చెప్పుకున్న ఆ మనిషి ఈసారి తన ఊసే ఎత్తడు. ఇలాంటివాళ్లు దేశమంతటా వేలమంది నిలబడి ఉన్నారని నెమ్మదిగా చెబుతాడు. ఎప్పుడూ సందేహంగా మాట్లాడే విల్సన్, వాళ్లందరి పేరున పానీయం తాగుదామంటాడు. అందరూ తొలిసారిగా కెమెరా వైపు తిరిగి, హోమ్ గార్డ్ పేరు చెప్పి చేతిలోని కప్పులు పైకెత్తుతారు.